ఫుల్ స్కాలర్‌షిప్ సంగతి తర్వాత, ముందు ఆ తొమ్మిదో క్లాసు లెక్క తేల్చండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డల్లాస్ ఉత్తరం వైపు సబర్బ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబం, హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ పిల్లలకి ఇచ్చే వీసా) మీద ఉన్న అబ్బాయి, ఇప్పుడు టెన్త్ గ్రేడ్, జీపీఏ 3.6. హైదరాబాద్‌లో సాకర్ ఆడేవాడు, ఇక్కడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో కిక్కర్ (బంతిని కాలితో తన్నే ఆటగాడు) అయ్యాడు. కోచ్ "కాలేజీలో ఆడగలడు" అన్నాడు. ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుందా, జీపీఏ ఎంత ఉండాలి, 3,000 డాలర్లు అడుగుతున్న రిక్రూటింగ్ సర్వీస్‌కి కట్టాలా అని ఆయన అడిగారు. చివర్లో మామూలుగా ఒక ముక్క రాశారు: "2023 జూన్‌లో అక్కడ నైన్త్ మొదలుపెట్టి డిసెంబర్‌లో వచ్చేశాం, ఇక్కడ 2024 ఆగస్టులో మళ్ళీ నైన్త్‌లోనే వేశాం. జామెట్రీ సీబీఈ (క్లాసుకి వెళ్ళకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం) రాసి పాసయ్యాడు, తెలుగు కూడా రాయిద్దామనుకుంటున్నాం."

అండీ, సూటిగా చెప్తాను. కిక్కర్‌కి మొదటి ఏడాదే ఫుల్ స్కాలర్‌షిప్ రావడం చాలా అరుదు, దాని మీద ఇంటి బడ్జెట్ వేసుకోకండి. జీపీఏ మీవాడికి సమస్యే కాదు. సర్వీస్‌కి డబ్బు కట్టొద్దు. కానీ ఆ చివరి ముక్క చదివి నేను కుర్చీలో కాస్త ముందుకు జరిగాను. కాలేజీ ఆటల్లో పై మెట్టు అయిన డివిజన్ 1 లెక్క ప్రకారం, అర్హత కోర్సులు పూర్తిచేయడానికి మీవాడికి ఉన్న నాలుగేళ్ళ గడియారం 2023 జూన్‌లోనే మొదలైంది, 2024 ఆగస్టులో కాదు. ఈ ఒక్కటి సరిచూసుకోకపోతే మిగతా ప్రశ్నలన్నీ దండగ.

నేను ఒక యూనివర్సిటీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో అకడమిక్ అడ్వైజర్‌గా తొమ్మిదేళ్ళు చేసి, ఇప్పుడు హైస్కూల్ కౌన్సెలర్‌గా ఉన్నాను. అంటే ఈ కాగితాలు అటు నుంచీ చూశాను, ఇటు నుంచీ చూశాను. కోచ్‌లు ఆట చూస్తారు, ట్రాన్స్‌క్రిప్ట్ చివర్లో చూస్తారు, అప్పటికి చాలాసార్లు ఆలస్యం అయిపోతుంది.

గడియారం సంగతి ముందు. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, అంటే అర్హతకి లెక్కేసే ముఖ్యమైన సబ్జెక్టులు, కావాలి: ఇంగ్లీష్ 4, లెక్కలు 3 (ఆల్జీబ్రా 1 లేదా ఆ పైన), సైన్స్ 2, ఈ మూడింటిలోంచి అదనంగా ఇంకొకటి, సోషల్ 2, మిగతా 4 వీటిలోంచే కానీ ఫారిన్ లాంగ్వేజ్, ఫిలాసఫీ లాంటివి కానీ. కోర్ జీపీఏ 2.3 ఉంటే చాలు. ఎస్ఏటీ, ఏసీటీ స్కోరు అర్హత కోసం అక్కర్లేదు, 2023 జనవరిలో ఎన్‌సీఏఏ ఆ నిబంధన తీసేసింది (కాలేజీ అడ్మిషన్‌కి అడగొచ్చు, అది వేరే). ఇంకా పాత స్లైడింగ్ స్కేల్ (ఏ జీపీఏకి ఎంత టెస్ట్ స్కోరు కావాలో చూపే) పట్టిక వాట్సాప్‌లో తిప్పే పెద్దమనుషులు ఉన్నారు, పట్టించుకోకండి.

ఈ 16 కోర్సులూ మొదటిసారి నైన్త్‌లో చేరిన రోజు నుంచి నాలుగేళ్ళలో, అంటే ఎనిమిది సెమిస్టర్లలో అయిపోవాలి. ఏ దేశంలో చేరినా అదే. మధ్యలో మానేసి మళ్ళీ నైన్త్‌లో చేరితే గడియారం మొదటికి రాదు. మీవాడి నాలుగేళ్ళు 2027 వేసవికి ముగుస్తాయి. అంటే ఇక్కడి లెవెన్త్ గ్రేడ్ చివరికి. ట్వెల్త్‌లో వాడు ఎంత బాగా చదివినా ఆ కోర్సులు డివిజన్ 1 లెక్కలోకి రావు. టైముకి గ్రాడ్యుయేట్ అయితే మాత్రం ఆ తర్వాత ఒక్క కోర్సు అదనంగా చేసుకోనిస్తారు.

ఇంకో మెలిక ఉంది. 16లో 10 కోర్సులు ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపు పూర్తవ్వాలి, ఆ పదిలో 7 ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్‌లోంచే ఉండాలి. ఆ పదీ లాక్ అయిపోతాయి, తర్వాత గ్రేడ్ పెంచుకోవడానికి మళ్ళీ రాస్తానంటే కుదరదు. ఈ ఏడో సెమిస్టర్ మామూలు పిల్లలకి ట్వెల్త్ మొదలు. మీవాడికి 2026 ఆగస్టు, అంటే లెవెన్త్ మొదలు.

మీరు రాసిన వివరాలతోనే పెన్నూ కాగితం పట్టుకుని కూర్చున్నాను. టెన్త్ అయ్యేసరికి ఇంగ్లీష్ 2, లెక్కలు 2 (ఆల్జీబ్రా 1, ఆల్జీబ్రా 2), సైన్స్ 2, సోషల్ 2, స్పానిష్ 1. మొత్తం 9. ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ కలిపి 6. మరి జామెట్రీ ఏదీ అంటారు. సీబీఈ రాసి తెచ్చుకున్న క్రెడిట్‌ని ఎన్‌సీఏఏ కోర్ కోర్సుగా తీసుకోదు. క్లాసులో కూర్చుని, టీచర్ పాఠం చెప్పి, గ్రేడ్ ఇచ్చిన కోర్సే కావాలి, అదీ మీ స్కూల్ పేరు మీద ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉండాలి. టెక్సస్‌లో మన పిల్లలు వేసవిలో జామెట్రీ సీబీఈ రాసేసి ముందుకు దూకడం ఇంటింటి ఆచారం అయిపోయింది కదా, అడ్మిషన్లకి అది బాగానే పనికొస్తుంది, ఫుట్‌బాల్‌కి మాత్రం ఆ కోర్సు లేనట్టే. తెలుగు సీబీఈ కూడా అంతే. రాయించండి, వాడికి తెలుగు వచ్చని స్కూల్ రికార్డులో ఉండటం నాకూ సంతోషమే, కానీ కోర్ లెక్కలో దాన్ని కలుపుకోవద్దు. స్పానిష్ ఆపొద్దు.

అంటే ఒక్క కోర్సు తక్కువ. పదికి ఒకటి, ఏడుకీ ఒకటి. ఈ వేసవిలో ఇంగ్లీష్ 3 చేయించండి, రెండూ ఒకే దెబ్బకి తీరతాయి. ఆన్‌లైన్‌లో చేసినా ఫర్వాలేదు, కానీ ఆ ప్రోగ్రామ్ ఎన్‌సీఏఏ ఆమోదం ఉన్నదై ఉండాలి, టీచర్‌తో క్రమం తప్పకుండా మాటలు నడవాలి. రెండు వారాల్లో క్లిక్కులు కొట్టి పూర్తిచేసే క్రెడిట్ రికవరీ రకాలు వద్దు. తర్వాత లెవెన్త్‌లో ఇంగ్లీష్ 4, ప్రీకాల్క్, సైన్స్, సోషల్, స్పానిష్ 2 చేస్తే 15 అవుతాయి. పదహారోది లెవెన్త్‌లోనే ఇరికించొచ్చు, లేదా గ్రాడ్యుయేట్ అయ్యాక ఆ అదనపు ఒక్కటిగా చేయొచ్చు. దీనికి వాడు 2027 మేలో, ట్వెల్త్ చదవకుండానే, డిప్లొమా తీసుకోవాలి. టెక్సస్‌లో మూడేళ్ళలో గ్రాడ్యుయేట్ అవ్వడం కుదిరే పనే, కౌన్సెలర్‌తో ఇప్పుడే కూర్చుని ప్లాన్ వేయాలి.

హైదరాబాద్‌లో చదివిన ఆ ఆరు నెలల మార్కులు లెక్కలోకి వస్తాయా అంటే, సగంలో వదిలేసిన ఏడాది మీద ఆశ పెట్టుకోకండి. కానీ కాగితాలు మాత్రం తెప్పించండి, నైన్త్ నుంచి చదివిన ప్రతి స్కూల్ రికార్డూ వాళ్ళు అడుగుతారు. ఆ స్కూల్ స్టాంపుతో, ఎప్పుడు చేరాడు ఎప్పుడు మానేశాడు అన్న తేదీలతో. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను: ఆ ఆరు నెలల్ని దాచేద్దాం, ఎవరికి తెలుస్తుంది అని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. వద్దు. ఇక్కడ స్కూల్లో చేర్చినప్పుడు మీరు ఇచ్చిన ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఫైల్లోనే ఉంటుంది.

నాకు ఇలాంటి కేసు ఒకటి తగిలింది. విజయవాడ నుంచి వచ్చిన కుర్రాడు, వాడిదీ ఇదే కథ, రెండు నైన్త్‌లు. మంచి ఎత్తు, లైన్‌లో ఆడేవాడు, ఒక డివిజన్ 1 కాలేజీ వాళ్ళు ఇంటికి కూడా వచ్చి వెళ్ళారు. వాళ్ళ నాన్న గారు నా దగ్గరికి వచ్చేసరికి సీనియర్ ఇయర్ మార్చి నెల. లెక్క వేసి చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆ కోచ్ తర్వాత మెసేజ్‌లకి జవాబు ఇవ్వడం మానేశాడు. చివరికి వాడు డివిజన్ 2కి వెళ్ళాడు, ఎందుకంటే డివిజన్ 2లో ఈ నాలుగేళ్ళ గడియారం లేదు, కాలేజీలో ఫుల్‌టైమ్ చేరేలోపు చేసిన కోర్ కోర్సులన్నీ లెక్కలోకి వస్తాయి, జీపీఏ 2.2 చాలు. అక్కడ నాలుగేళ్ళూ ఆడాడు, బాగున్నాడు. కానీ ఆ మార్చి నెల ఆ ఇంట్లో ఎలా గడిచిందో నాకు తెలుసు.

కాబట్టి మీ ముందు రెండు దారులు. ఒకటి, ఏడాది ముందు గ్రాడ్యుయేట్ చేసి డివిజన్ 1 తలుపు తెరిచి ఉంచడం. రెండు, మామూలుగా ట్వెల్త్ వరకు చదివించి డివిజన్ 2, డివిజన్ 3 చూసుకోవడం. కిక్కర్‌కి 17, 18 ఏళ్ళ మధ్య కాలిలో వచ్చే బలం చాలా తేడా తెస్తుంది, ఆ ఏడాది పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. నన్నడిగితే, వేసవి ఇంగ్లీష్ కోర్సు ఎలాగూ చేయించండి, దానివల్ల ఏ దారీ మూసుకుపోదు, అసలు నిర్ణయం వచ్చే డిసెంబర్‌లో తీసుకోండి. మధ్యేమార్గం ఒకటుంది: 16 కోర్సులూ టైముకి అయి, 10-7 లెక్క తప్పినా, జీపీఏ 2.3 కంటే తగ్గి 2.0 పైన ఉన్నా, అకడమిక్ రెడ్‌షర్ట్ అంటారు. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు, ప్రాక్టీస్ చేయొచ్చు, మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడకూడదు. కిక్కర్లకి మొదటి ఏడాది బెంచీ మీదే గడవడం మామూలే కనుక ఇది మరీ పెద్ద శిక్ష కాదు.

ఇక డబ్బు.

1994 నుంచి పెద్ద కాలేజీల స్థాయిలో, అంటే ఎఫ్‌బీఎస్‌లో, ఒక టీమ్‌కి 85 స్కాలర్‌షిప్‌లు. ఇస్తే మొత్తం ఇవ్వాలి, ముక్కలు చేయకూడదు. దాని కింద మెట్టు ఎఫ్‌సీఎస్‌లో 63, వాటిని 85 మందికి పంచుకోవచ్చు. డివిజన్ 2లో 36, అదీ పంచుకునేదే. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ అసలు లేదు. "స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఎవరైనా స్వీట్లు పంచితే అది పదింట ఎనిమిది వంతులా, పదింట ఒక వంతా అని అడగాలి. నా దగ్గర చదివిన ఒకబ్బాయికి డివిజన్ 2లో వచ్చింది ఏడాదికి 4,000 డాలర్లు, హాస్టల్ అద్దెకే చాలదు, ఊరంతా ఫుల్ రైడ్ అనుకుంది.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో రాజీ) ఇది మారింది. జూలై 1 నుంచి, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ లిమిట్ పోయి రోస్టర్ లిమిట్, అంటే టీమ్‌లో మొత్తం ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది, ఫుట్‌బాల్‌కి 105 మంది. ఆ 105లో ఎవరికి ఎంత ఇవ్వాలన్నది కాలేజీ ఇష్టం. చేరని కాలేజీలకి పాత లెక్కే. మనవాళ్ళు దీన్ని "85 నుంచి 105, ఇరవై సీట్లు పెరిగాయి" అని చదువుకున్నారు. అది తప్పు లెక్క. ఇదివరకు 85 మంది స్కాలర్‌షిప్ వాళ్ళ మీద ఇంకో ముప్పై, నలభై మంది వాక్-ఆన్‌లు, అంటే సొంత డబ్బుతో చేరి ఆడే కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. ఇప్పుడు అందరూ కలిపి 105 దాటకూడదు. పోయినవి ఆ వాక్-ఆన్ సీట్లు, కిక్కర్లు ఎక్కువమంది మొదలుపెట్టేదే ఆ సీట్లలో. పైగా కొత్తగా ఇచ్చే స్కాలర్‌షిప్‌ల ఖర్చు 25 లక్షల డాలర్ల వరకు, ఆటగాళ్ళకి నేరుగా పంచే డబ్బు పరిమితిలోనే కలుస్తుంది (మొదటి ఏడాది ఆ పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు), కాబట్టి 105 మందికీ ఇచ్చేద్దాం అని ఎవరూ ఎగబడటం లేదు.

దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా. చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చని 2024లో తేల్చేశారు. కోచ్ స్థానంలో ఉండి ఆలోచించండి, వేరే కాలేజీలో రెండేళ్ళు ఒత్తిడిలో తన్ని చూపించిన కిక్కర్ దొరుకుతుంటే పద్దెనిమిదేళ్ళ పిల్లాడి మీద సీటు ఎందుకు పెడతాడు? హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు దేశం మొత్తంలో సుమారు పది లక్షలు, అందులో ఎన్‌సీఏఏ మూడు డివిజన్లూ కలిపి ఆడేది నూటికి ఏడుగురు, డివిజన్ 1కి వెళ్ళేది ముగ్గురు కూడా ఉండరు. టీమ్‌కి కిక్కర్లు ఇద్దరో ముగ్గురో. ఆశ చంపాలని కాదు, ఇది తెలిసి ఆడించండి.

"ఆఫర్" అన్న మాట గురించి. నోటిమాట ఆఫర్‌కి ఎవరూ కట్టుబడి ఉండరు, కోచ్ కూడా, పిల్లాడు కూడా. డిసెంబర్ సైనింగ్ రోజున చేతికొచ్చే కాగితమే ఆఫర్. పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024లో తీసేశారు, ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఎయిడ్ అగ్రిమెంటే ముఖ్యం. అందులో ఎంత శాతం, ఒక ఏడాదికా నాలుగేళ్ళకా, గాయమైతే ఏమిటి, ఇవి చదవండి. కోచ్‌ని మొహమాటపడకుండా "ఇవాళ సరే అంటే సీటు ఖాయమేనా?" అని అడగండి, తప్పేం కాదు, అమెరికన్ తండ్రులందరూ అడుగుతారు. క్యాంప్‌కి రమ్మని వచ్చే ఈమెయిల్ ఆఫర్ కాదు, అది చాలాసార్లు ఫీజు కట్టే క్యాంప్‌కి ప్రకటన మాత్రమే. డివిజన్ 1 కోచ్‌ల నుంచి అసలు మెసేజ్‌లు లెవెన్త్ గ్రేడ్ సెప్టెంబర్ 1 నుంచే రావాలి, అంతకుముందు మౌనంగా ఉన్నారని టెన్షన్ పడకండి. గ్రాడ్యుయేషన్ ఏడాది ముందుకి జరుపుతుంటే మాత్రం ఆ సంగతి కోచ్‌లకి ముందే రాయండి, లేకపోతే వాళ్ళ జాబితాలో మీవాడు తప్పు బ్యాచ్‌లో ఉంటాడు.

ఆ 3,000 డాలర్ల సర్వీస్ చేసేది మీరే చేసుకోవచ్చు. హడల్‌లో (ఆట వీడియోలు పెట్టే వెబ్‌సైట్) వీడియో పెట్టండి. కాలేజీలో ఫీల్డ్ గోల్‌కి టీ (బంతిని నిలబెట్టే చిన్న స్టాండ్) ఉండదు, నేల మీద నుంచే తన్నాలి, కాబట్టి టీ లేకుండా తన్నినవే పెట్టండి. ఎడిటింగ్, పాటలు వద్దు, వరసగా పది కిక్కులు, తప్పినవి కూడా ఉంచితే ఇంకా నమ్ముతారు. కిక్‌ఆఫ్‌లు ఎండ్‌జోన్‌లో పడుతున్నాయా లేదా స్పష్టంగా కనబడాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో స్పెషల్ టీమ్స్ కోచ్ ఈమెయిల్ ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్ట్ జతచేసి నాలుగు లైన్లు పిల్లాడే రాయాలి. మీరు రాయొద్దు, తండ్రి రాసింది వాళ్ళకి మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది.

హెచ్-4 విషయం, ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం. స్కాలర్‌షిప్ జీతం కాదు, హెచ్-4 మీద చదువుకుంటూ తీసుకోవచ్చు. కానీ పేరూ ఫోటో వాడుకున్నందుకు వచ్చే ఎన్ఐఎల్ డబ్బు, 2021 జూలై నుంచి నడుస్తున్నది, పని అనుమతి లేని వీసా మీద ముట్టుకుంటే స్టేటస్‌కే ముప్పు రావొచ్చు. ఊళ్ళో బిర్యానీ హోటల్ వాళ్ళు ఇన్‌స్టాలో ఒక పోస్ట్ పెట్టు, 200 ఇస్తాం అన్నా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒప్పుకోవద్దు. 21 నిండేసరికి హెచ్-4 పోతుంది, కాలేజీ మధ్యలో ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, ఆ ఏడాది సీజన్ మధ్యలో ఇండియా ప్రయాణం పెట్టుకోకుండా చూసుకోండి. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీలు అందరికీ ఉచితమే కానీ సిటిజన్లకే. ఇంకోటి, స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, పుస్తకాల భాగానికి ట్యాక్స్ లేదు, వసతి, భోజనం భాగానికి ఉంటుంది. మొదటి ఏప్రిల్‌లో ఉలిక్కిపడకండి.

ఐవీ లీగ్ గురించి అడుగుతారని తెలుసు. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ లేదు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే ఎయిడ్ మాత్రమే. కానీ ఐవీ కూడా డివిజన్ 1నే, పైన చెప్పిన గడియారం అక్కడా వర్తిస్తుంది. 3.6 జీపీఏతో మంచి డివిజన్ 3 కాలేజీలో కోచ్ మాట సాయంతో అడ్మిషన్, మార్కుల మీద మెరిట్ ఎయిడ్ దొరకడమే మీకు ఎక్కువ అవకాశం ఉన్న దారి, చాలాసార్లు డివిజన్ 2 పాక్షిక స్కాలర్‌షిప్ కంటే అదే ఎక్కువ డబ్బు. ఇంకో మాట, ఆ 3.6 వెయిటెడ్‌దా? ఎన్‌సీఏఏ ఎ అంటే 4, బి అంటే 3 అని వేసుకుంటుంది, ప్లస్ మైనస్‌లు లేవు, అథ్లెటిక్స్ పీరియడ్, హెల్త్ గ్రేడ్లు కలపదు.

చేరాక కూడా పరీక్ష అయిపోదు. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 పూర్తవ్వాలి. ఫుట్‌బాల్‌కి అదనంగా ప్రతి ఫాల్‌లో 9 క్రెడిట్లు పాసవ్వాలి, లేకపోతే వచ్చే సీజన్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లు పోయే ప్రమాదం. నా అడ్వైజింగ్ రోజుల్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఫెయిలైన పిల్లలు కాదు, మేజర్ మార్చిన పిల్లలు. ఒకడు రెండేళ్ళు మెకానికల్ ఇంజినీరింగ్ మంచి గ్రేడ్లతో చదివి, ల్యాబులూ ప్రాక్టీసూ కుదరక ఫైనాన్స్‌కి మారతానన్నాడు. పాస్ చేసిన క్రెడిట్లు బోలెడు, కొత్త డిగ్రీలో పనికొచ్చేవి సగమే, శాతం పడిపోయింది. ఇంజినీరింగ్‌లోనే ఉండి ఆడటమా, మారి ఒక సీజన్ పోగొట్టుకోవడమా అన్నది తేలేసరికి వేసవి గడిచిపోయింది. మీ ఇంట్లో మేజర్ ఎవరు నిర్ణయిస్తున్నారో నాకు తెలీదు, మొదటి సెమిస్టర్‌కి ముందే వాడితో ఆ మాట తేల్చుకోండి.

ఈ వారం చేయాల్సినవి: ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో అకౌంట్ తెరవడం, హైదరాబాద్ స్కూల్‌కి రికార్డుల కోసం ఫోన్ చేయడం, కౌన్సెలర్ దగ్గర వేసవి ఇంగ్లీష్ 3 సీటు ఉందో లేదో కనుక్కోవడం. సీట్లు త్వరగా నిండిపోతాయి. ట్రాన్స్‌క్రిప్ట్ చేతికొచ్చాక పేరు, స్కూల్ కొట్టేసి కోర్సుల జాబితా మాత్రం ఇక్కడ పెట్టండి, కూర్చుని ఒక్కో లైన్ చూసి చెప్తాను.